దక్షిణ ధ్రువ విజేత అమండ్‌సెన్

భూగోళపు దక్షిణపు కొనయందు, సముద్రమట్టమునకు సుమారు 2,800 మీటర్ల ఎత్తున, మంచు పీఠభూమిపై ఒక పరిశోధన కేంద్రము కలదు. అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము సందర్భమున అమెరికా వారు 1956-57లో దానిని నెలకొల్పి, అమండ్‌సెన్-స్కాట్ కేంద్రమని పేరిడిరి. అచట ఏడాదికి ఒక్కటే పగలు, ఒక్కటే రాత్రి. మానవుడు అచ్చోట మొదటిసారి అడుగిడి నూరేండ్లు నిండిన 2011 డిసెంబరు 14వ తేదీన నార్వే ప్రధానమంత్రి స్టోల్టెన్‌బర్గ్ అంత దూరమును పోయి, మంచుతో మలచిన అమండ్‌సెన్ ప్రతిమను ఆవిష్కరించెను. ఆ మహాయాత్రికుని చరిత్ర మన చదువరులకు తెలియదగినది.

రోఆల్డ్ అమండ్‌సెన్ 1872 జూలై 16న నార్వేలో ఓడలు గల కుటుంబమున జన్మించెను. తల్లి కుమారుని వైద్యునిగా చూడగోరెను. కాని పదునైదేండ్ల ప్రాయమున అతని చేతికి ఫ్రాంక్లిన్ అను ఆంగ్ల నావికుని యాత్రావృత్తాంతములు చిక్కినవి. ఆకలికి తాళలేక తన తోలు బూట్లనే తిన్న ఆ నావికుని కష్టములు చదివి పిల్లవాడు భయపడలేదు. అట్టి కష్టములే తనకును కావలెనని కోరెను! పుస్తకము ఎవరిని ఎచటికి కొనిపోవునో ఎవరు చెప్పగలరు? చలికి అలవాటుపడుటకై శీతకాలమున సైతము కిటికీ తెరచి నిద్రించెడివాడు. 1893లో తల్లి మరణించిన పిమ్మట వైద్యవిద్యను విడిచి ఓడ నెక్కెను.

1897లో బెల్జికా అను ఓడలో దక్షిణమునకు పోయెను. ఆ ఓడ సుమారు ఏడాది మంచులో చిక్కుపడెను. నావికులకు స్కర్వీ రోగము సోకగా, వైద్యుడు కుక్ సీలు, పెంగ్విన్ల తాజా మాంసము తినిపించి కాపాడెను. ఆ పాఠమును అమండ్‌సెన్ మరువలేదు.

అంతకంటె పెద్ద పాఠశాల అతనికి ఉత్తర కెనడాలో దొరకెను. 1903లో జోవా అను చిన్న ఓడపై ఆరుగురు సహచరులతో బయలుదేరి, అమెరికా ఖండమునకు ఉత్తరముగా అట్లాంటిక్ నుండి పసిఫిక్ చేరు జలమార్గమును 1906 నాటికి దాటెను. ఓడపై ఆ దారిని కడవరకు దాటిన మొదటివాడు అతడే. నడుమ రెండు శీతకాలములు నెట్సిలిక్ ఇన్యూయిట్ల చెంత గడిపెను. ఐరోపా వారు ఆ జాతిని అనాగరికులని తలచుచుండిన రోజులవి. అతడు వారికి శిష్యుడయ్యెను. ఉన్నిబట్ట చెమటకు తడిసి గడ్డకట్టును. వదులుగా తొడిగిన జింకతోలు దుస్తులలో గాలి ఆడి ఒడలు పొడిగా ఉండును. కుక్కలను బండికి పూన్చుట, మంచుదిమ్మెలతో ఇల్లు కట్టుట, అన్నియు వారివద్దనే నేర్చెను. తరువాతి విజయమునకు పునాది ఇచటనే పడెనని నా తలంపు.

పిమ్మట ఉత్తర ధ్రువమునకు పోదునని ప్రకటించి, నాన్సెన్ వాడిన ఫ్రాం ఓడను పొందెను. 1909లో కుక్, పియరీ ఇరువురును తామచటికి చేరితిమని చాటుకొనగా, అతడు రహస్యముగా దక్షిణమునకు మనసు మరల్చెను. నాన్సెన్‌కును చెప్పలేదు. 1910 సెప్టెంబరులో మదీరా దీవి వద్ద గాని నావికులలో పెక్కురకు సంగతి తెలియలేదు. అప్పటికే దక్షిణ ధ్రువమునకై బయలుదేరియున్న ఆంగ్లేయుడు స్కాట్‌కు ఆస్ట్రేలియాలో తంతివార్త అందెను. ఈ దాపరికమును మెచ్చుకొనజాలము.

పని చేసిన తీరు మాత్రము మెచ్చదగినది. 1911 జనవరిలో తిమింగిలముల అఖాతమున దిగి, 80, 81, 82 డిగ్రీల అక్షాంశముల వద్ద ఆహారమును ముందుగానే నిలువచేసెను. దారి తప్పినను కనబడునట్లు మార్గమునకు అడ్డముగా ఇరువైపుల జెండాలు పాతించెను. తొందరపడి సెప్టెంబరులోనే బయలుదేరి, చలికి తాళలేక వెనుదిరిగెను. అక్టోబరులో నలుగురు సహచరులు, నాలుగు బండ్లు, 52 కుక్కలతో మరల సాగెను. పర్వతములెక్కిన పిమ్మట, ముందే వేసికొన్న లెక్క ప్రకారము, 24 కుక్కలను చంపి ఆ మాంసమును మిగిలిన కుక్కలకు పెట్టి, తామును తినిరి. ఆ చోటికి వారే కసాయి దుకాణమని పేరు పెట్టుకొనిరి.

డిసెంబరు 14న ధ్రువము చేరి గుడారము వేసిరి. అమండ్‌సెన్ అందులో నార్వే రాజునకు లేఖ నుంచి, దానిని అందజేయుమని స్కాట్‌కు చీటి వ్రాసి వదలెను. తాము దారిలో మరణించినను వార్త లోకమునకు చేరవలెనని అతని ఉద్దేశము. 99 దినములలో ఐదుగురును క్షేమముగా శిబిరము చేరిరి. 1912 జనవరి 17న ధ్రువము చేరిన స్కాట్, అతని నలుగురు అనుచరులు తిరుగుదారిలో మరణించిరి.

1926లో అమండ్‌సెన్ అమెరికావాడగు ఎల్స్‌వర్త్, ఇటలీవాడగు నోబిలేలతో కూడి, నోర్గే అను గాలి ఓడపై ఉత్తర ధ్రువము మీదుగా అలాస్కాకు పోయెను. ఆ కీర్తి ఎవరిదను తగవులో అతడును నోబిలేయును బద్ధవిరోధులైరి. 1928 మే నెలలో నోబిలే నడపిన మరియొక గాలి ఓడ ఉత్తర మంచుపై కూలెను. వార్త విన్న అమండ్‌సెన్ ఆ విరోధినే వెదకుటకు సిద్ధపడి, జూన్ 18న ట్రామ్సో పట్టణము నుండి ఐదుగురితో విమానమున బయలుదేరెను. కొద్దిదినములకు స్వీడన్ విమానమువారు నోబిలేను రక్షించిరి. అమండ్‌సెన్ తిరిగి రాలేదు. ఆ వేసవి చివర అతని విమానపు తేలుడు తొట్టి ఒకటి సముద్రమున దొరకెను. విమానము గాని, ఆ ఆరుగురిలో ఏ ఒక్కరి దేహము గాని నేటివరకును కనబడలేదు.