గాస్టన్ ప్లాంటే

విద్యుత్తును పుట్టించుట ఒక విద్య. దానిని నిలువజేసి, కావలసినపుడు వాడుకొనుట వేరొక విద్య. ఈ రెండవ విద్యకు రాజమార్గము వేసిన మహనీయుడు గాస్టన్ ప్లాంటే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. బస్సులలోను, ట్రాక్టరులలోను, విహారమునకై నడుపు పడవలలోను మనము చూచు సీసపు బ్యాటరీ ఆయన కృషికి ఫలము.

ప్లాంటే 1834వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన ఫ్రాన్సు దేశమున ఓర్తెజ్ అను పట్టణమందు జన్మించెను. ఆయన తమ్ముడు ఫ్రాన్సిస్ పియానో వాద్యమున పేరుగాంచిన విద్వాంసుడు. గాస్టన్ మనస్సు మాత్రము ప్రకృతి శాస్త్రములపై లగ్నమయ్యెను. 1854లో, ఇరువదియేండ్ల ప్రాయమున, ఆయన పారిస్ నగరమునందలి ఒక ప్రసిద్ధ విద్యాసంస్థలో భౌతికశాస్త్ర సహాయకుడుగా చేరెను. మరుసటి యేడు ఆ నగర సమీపమున, పురాతన కాలమునాటి ఒక మహాపక్షి యెముక ఆయన కంటబడెను. ఎగురజాలని ఆ పక్షికి పండితులు ఆయన పేరు కలిసివచ్చునట్లు గాస్టోర్నిస్ అని నామకరణము చేసిరి. చిన్ననాడే ఇంతటి ఖ్యాతి లభించినను, ఆయన దానితో తృప్తిపడక విద్యుత్ పరిశోధనకు పూనుకొనెను.

ఆ కాలమున విద్యుత్తు మిక్కిలి ఖర్చుతో కూడిన వస్తువు. ఇటలీ దేశీయుడగు వోల్టా 1800లో ప్రకటించిన ఘటములలో జింకు కరగిపోయినకొలది విద్యుత్తు వచ్చెడిది. జింకు తరిగిన పిమ్మట క్రొత్త లోహమును వేయక తప్పదు. 1838లో జాకోబీ అను శాస్త్రజ్ఞుడు రష్యా దేశమందలి నేవా నదిపై విద్యుత్తుతో పడవను నడిపి చూపెను. కాని అట్టి ఘటములతో పడవ నడుపుట సామాన్యులకు సాధ్యము కాదయ్యెను. వాడినకొలది తరుగుటయేగాని, తిరిగి నిండు ఉపాయము కావలసియుండెను.

ప్లాంటే పలు లోహపు రేకులను ఆమ్లజలమునందుంచి, వానిగుండ విద్యుత్తును పంపి, పిదప అవి తిరిగి ఇచ్చు ప్రవాహమును ఓపికతో కొలిచెను. అన్నింటిలో సీసమే శ్రేష్ఠమని తేలెను. 1859లో ఆయన రెండు సీసపు రేకులను ఒకదానినొకటి తాకకుండ నడుమ గుడ్డనుంచి, చాపవలె చుట్టి, నీరు కలిపిన గంధకామ్లమునందు ముంచెను. విద్యుత్తును ఎక్కించినపుడు ఒక రేకుపై గోధుమవన్నె సీసపు ఆక్సైడు ఏర్పడును. రెండవది మెత్తని సీసముగానుండును. వాడుకొన్నపుడు రెండును సీసపు సల్ఫేటుగా మారును. మరల విద్యుత్తును పంపినచో పూర్వస్థితికి వచ్చును. ఒక్కొక్క ఘటము సుమారు 2 వోల్టులు ఇచ్చును.

అయితే క్రొత్త రేకులు మొదట కొద్దిపాటి విద్యుత్తునే నిలుపజాలెడివి. నింపుట, ఖాళీచేయుట, దిశ మార్చి మరల నింపుట, ఇట్లు దీర్ఘకాలము చేసినగాని వాని శక్తి పెరుగదు. ప్లాంటే ఆ శ్రమకు వెనుదీయలేదు. 1860 మార్చి నెలలో తొమ్మిది ఘటముల బ్యాటరీని ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తునకు సమర్పించెను. తరువాత 800 ఘటములను వరుసగా కలిపి, మెరుపులను బోలిన విద్యుద్దృశ్యములను పరిశీలించి, 1879లో తన పరిశోధనలను గ్రంథముగా వెలువరించెను.

డైనమో యంత్రములు వచ్చిన పిమ్మట బ్యాటరీని నింపుట సులభమయ్యెను. 1881లో ఫోర్ అను మరియొక ఫ్రెంచివాడు రేకులపై సీసపు ఆక్సైడు ముద్దను పూయు పద్ధతిని తెచ్చి, దీర్ఘకాలపు శ్రమను తగ్గించెను. 1882లో లండను నగరమున థేమ్స్ నదిపై ఎలక్ట్రిసిటీ అను పడవ నిలువ బ్యాటరీలతో నడచెను. పిమ్మట ఆ నదీతీరమున బ్యాటరీలను నింపు కేంద్రములును వెలసెను. జాకోబీ నాటి కొరత ఇట్లు తీరెను. ఈ వృద్ధిని కన్నులార చూచి, ప్లాంటే 1889 మే 21వ తేదీన పరమపదించెను.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన రాయచూరు సీమలో పుట్టి, అనగా కన్నడిగుల హరిగోలు, తెడ్డుబలముతోనే జనులను ఏరు దాటించుచు వచ్చినది. మోటారు పడవలకైనను, మన యింటి ఇన్వర్టరునకైనను, బ్యాటరీ సంరక్షణ సూత్రములు ప్లాంటే ఘటమునుండి వచ్చినవే. ఖాళీ బ్యాటరీని అట్లే విడిచినచో సల్ఫేటు గట్టిపడి, రేకులు పాడగును. కావున వాడిన వెంటనే నింపవలెను. ఆరు ఘటముల బ్యాటరీ నిండి, కొంతసేపు ఊరకయున్నపుడు సుమారు 12.7 వోల్టులు చూపును; 12 వోల్టులకు దిగినచో దాదాపు ఖాళీయైనట్లే. మూతలు తీయ వీలున్న బ్యాటరీలో నీరు తగ్గినపుడు శుద్ధజలమునే పోయవలెను. నింపునపుడు వెలువడు హైడ్రోజను వాయువు నిప్పు తగిలిన ప్రేలును. పడవలో గాలి చొరని మూల బ్యాటరీని ఉంచరాదు. సముద్రపు నీరు దానిలో చేరినచో క్లోరిన్ అను విషవాయువు పుట్టును. ఆమ్లము చర్మమును, కన్నులను కాల్చును గనుక బాలురు పెద్దల తోడులేక దానిని ముట్టరాదు.

విద్యార్థులారా! ఒకనాటి శ్రమతో ప్లాంటే రేకులకు శక్తి రాలేదు. మరల మరల నింపగా వచ్చినది. విద్యయును అట్టిదే. నేర్చినదానిని వాడుచు, తరిగినదానిని నింపుకొనుచు ఉన్నవానికే అది నిలుచును.