దోర్నకల్లు బిషప్పు అజరయ్య

ఉపకారము చేయుట సులభము. సమానునిగా చెలిమి చేయుట కష్టము. ఈ సత్యమును నిండు సభలో పలికిన ధీరుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

ఆయన 1874లో తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై గ్రామమున, ఒక క్రైస్తవ గురువు ఇంట జన్మించిరి. మాతృభాష తమిళము. 1909లో నిజాం రాజ్యమందలి దోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చి, పల్లెలలోని నిరుపేదల నడుమ పని చేసిరి. మరుసటి ఏట ఎడింబరో మహాసభలో, తెల్లదొరలు భారతీయులకు సేవ చేయుచున్నారే గాని స్నేహితులుగా చేరదీయుట లేదని నిర్భయముగా చెప్పిరి. పలువురు నొచ్చుకొనిరి. అయినను 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైరి.

దోర్నకల్లులో ఆయన కట్టించిన దేవాలయమున హిందూ, మహమ్మదీయ శిల్పరీతులు క్రైస్తవ చిహ్నములతో కలిసిమెలిసి యున్నవి. 1939 జనవరిలో దాని ప్రతిష్ఠ జరిగినది. ఆ సెప్టెంబరులోనే యూరపున మహాయుద్ధము రగిలినది.

క్రైస్తవ సంఘములే చీలియుండగా లోకమునకు శాంతిబోధ ఎట్లు చెల్లును? కనుకనే 1919 నాటి తరంగంబాడి సమావేశము మొదలు ఆయన సంఘైక్యమునకై పాటుపడిరి. యుద్ధము ముగియక మునుపే, 1945 జనవరి 1న కన్నుమూసిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము వెలసినది. విత్తినవారు పంటను చూడలేదు.

ధర్మసాగర్ మొదలు దోర్నకల్లు వరకు ఓరుగల్లు సీమలో ఏటేట శ్రమదినములు వచ్చును, ఈస్టరు వచ్చును. ఉపవాసముతోపాటు, ఎవరితో మాట మానితిమో వారి ఇంటికి నడచి వెళ్లినచో, అజరయ్యగారు కోరిన స్నేహము అక్కడ మొదలగును.