రాత్రి డ్యూటీ చేసిన డాక్టరు: యల్లాప్రగడ సుబ్బారావు

సుబ్బారావు గారి పేరు వినని వాళ్లు మనలో ఉండొచ్చు గానీ, ఆయన బృందం తయారుచేసిన మందు మింగని వాళ్లు తక్కువే. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ తెచ్చి ఎదురుగానే మింగించే డీఈసీ మాత్ర అదే.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడుక్కుని ఆపరేషన్ గదికి వెళ్లారని ఇంగ్లీషు ప్రొఫెసరుకి కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్ రాలేదు, చిన్నదైన ఎల్ఎంఎస్ డిగ్రీ చేతికొచ్చింది. సర్కారు కొలువు లేక ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పుకున్నారు. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి ఎండిపోయే రోగం అది. ఆయనకీ వచ్చింది, ఆయుర్వేద మందుతో తేరుకున్నారు.

మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ట్రస్టు సాయం కూడగట్టుకుని బోస్టన్ వెళ్లారు. ఆ నాయకర్ గారు కూడా రంగూన్‌లో సంపాదించిన మనిషే. హార్వర్డ్‌లో ఉష్ణదేశాల రోగాల చదువులో చేరారు. తెచ్చుకున్న డిగ్రీతో అక్కడ డాక్టరుగా పనిచెయ్యనివ్వలేదు. ఫీజుకీ, తిండికీ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు కడిగారు. సర్టిఫికెట్లు పెట్టెలో పెట్టుకుని వేరే పనులు చేస్తున్న మన తమ్ముళ్లు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలని మా కోరిక.

1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అయినా హార్వర్డ్ పర్మనెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ దగ్గరి లెడర్లీ మందుల కంపెనీలో చేరాక ఆయన చెయ్యి తిరిగింది. 1945లో ఫోలిక్ యాసిడ్ తయారైంది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అదే మందయింది.

బోదకాలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. దోమ కుడితే వచ్చే ఈ పురుగు పిల్లలు మన దగ్గర రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి. ఊళ్లో రక్తపరీక్షకి రాత్రి వచ్చేది అందుకే. అంతకుముందు ప్రయత్నించిన ఆర్సెనిక్, యాంటిమొనీ ఇంజెక్షన్లు రోగికే ప్రమాదంగా ఉండేవి. సుబ్బారావు గారి నాయకత్వంలో ఎన్నో రసాయనాల్ని ఎలుకల మీద పరీక్షించి, 1947లో నోటితో మింగే డీఈసీని పట్టుకున్నారు. మొదట పోర్టోరికోలో రోగులకి ఇచ్చి చూశారు. అది రక్తంలోని పిల్లపురుగుల్ని చంపుతుంది. ముదిరి వాచిన కాలు మాత్రం మామూలుగా అవదు. ఒంట్లో పెద్ద పురుగులు ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి ఏటా మింగాలి. సెలవు మీద ఇంటికెళ్లినప్పుడు మాత్ర ఇస్తే, వద్దనకండి.

1948 ఆగస్టులో నిద్రలోనే ఆయన గుండె ఆగింది. అప్పటికి 53 ఏళ్లు. అమెరికా పౌరుడు కాలేదు, ఇండియాకీ తిరిగి రాలేదు. కొన్నేళ్లలో వచ్చేస్తానని చెప్పి వెళ్లిన భర్తని శేషగిరి గారు మళ్లీ చూడలేదు.