గ్రిఫిత్ జోన్సు: పెద్దలకు చదువు చెప్పిన కాపరి

చదువవలసిన వేదభాగము: అపొస్తలుల కార్యములు 8:26–40



పిల్లవానికి చదువు చెప్పుట వేరు, తల నెరసినవానికి చెప్పుట వేరు. పిల్లవాడు తప్పు చదివినయెడల నవ్వి మరల చదువును. పెద్దవాడు తప్పు చదివినయెడల మరునాడు రాడు. ఈ సంగతి నేను నష్టపడి నేర్చుకొంటిని. కొన్ని ఏండ్ల క్రిందట ఆరాధనలో సంఘమంతటి యెదుట ఒక పెద్దాయనను పిలిచి, పది ఆజ్ఞలలో మూడవది చెప్పుమంటిని. ఆయన తల వంచుకొనెను. తరువాత మూడు ఆదివారములు ఆయన కూర్చుండు చోటు ఖాళీగా నుండెను. ఇంటికి వెళ్లి అడుగగా చేనిలో పని తెమలలేదనెను. అది పని కాదు, సిగ్గు. ఆ సిగ్గును నాకంటె బాగుగా ఎరిగిన యొక పల్లెటూరి కాపరి చరిత్రను ఈ నెల మీకు చెప్పగోరుచున్నాను.

గ్రిఫిత్ జోన్సు 1684లో వేల్సు దేశమున కార్మార్దెన్ సీమలో పుట్టెను. వేల్సు ఇంగ్లాండునకు పడమట నున్న కొండల దేశము. అక్కడివారి భాష వెల్షు. ఇంగ్లీషు తెలిసినవానికి అది ఒక్క ముక్కయు బోధపడదు. జోన్సు పల్లెటూరి బిడ్డ. చిన్ననాడు గొఱ్ఱెలు కాచెనని చెప్పుదురు. ఉబ్బసము ఆయనను బ్రదుకంతయు బాధించెను. 1708లో డీకనుగాను, 1709లో గురువుగాను అభిషేకము పొందెను.

ఆయన మన దక్షిణదేశమునకు రావలసినవాడే. 1713లో లండనులోని ఎస్.పి.సి.కె. సంఘమువారు ఆయనను తరంగంబాడి మిషనునకు పంప దలచిరి. 1706లో జీగెన్‌బల్గు దొరగారు ఓడ దిగిన తమిళదేశపు రేవు అదియే. జోన్సు చాల దినములు ఎటును తేల్చుకొనలేక, తుదకు రాలేనని చెప్పెను. తన సొంత జనులే వేదము చదువనేరక యుండగా వారిని విడిచి పోవుటకు మనసు రాలేదు. సముద్రము దాటినవారినే మిషనరీలని తలచు అలవాటు మనకున్నది. ఈయన దాటక నిలిచినవాడు.

1716లో సర్ జాన్ ఫిలిప్సు అను ధనవంతుడు ఆయనను లాన్దౌరోర్ అను చిన్న గ్రామమునకు గురువుగా నియమించెను. చనిపోవువరకు అదియే ఆయన సంఘము. ఆయన ప్రసంగము వినుటకు జనులు దూరగ్రామములనుండి వచ్చెడివారు. గుడి చాలక సమాధుల దొడ్డిలో నిలువబడి చెప్పిన దినములును కలవు. ఇతర గురువుల పారిషులలో బోధించెనని ఫిర్యాదులు రాగా, బిషప్పుగారి యెదుట సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చెను.

అయితే ఇంత ప్రసంగము చేసినను నిలిచినదెంత? ఈ ప్రశ్న ఆయనను వదలలేదు. ఏండ్ల తరబడి విన్నవారికి కూడ విశ్వాసపు మొదటి సంగతులు తెలియవని ఆయన కనుగొనెను. సంస్కారపు ఆదివారమునకు ముందటి శనివారము జనులను పిలిచి, ప్రశ్నలడిగి నేర్పజూచెను. నేర్చుకొనవలసినవారే రాలేదు. వయసు మీరినవారు అజ్ఞానము బయటపడునని ఇంటనే యుండిపోయిరి.

అప్పుడాయన ఏమి చేసెనో చూడుడి. సంస్కార కానుకల సొమ్ముతో రొట్టెలు కొని, ఆ శనివారము బీదలకు పంచిపెట్టుదునని ప్రకటించెను. రొట్టె కొరకు పెద్దలు వచ్చి వరుసగా నిలిచిరి. రొట్టె ఇచ్చుచు ఒక్కొక్కరిని ఒకటి రెండు సులువైన ప్రశ్నలడిగెను. చిక్కుపెట్టు ప్రశ్న అడుగలేదు. ఎవరి ముఖమును ఎఱ్ఱబారనీయక మెల్లగా అడిగి, తప్పిపోయినచోట తానే అందించి ముందుకు సాగెను. కొన్ని నెలలకు వారే జవాబులు నేర్చుకొని వచ్చుట మొదలుపెట్టిరి. రొట్టె చూపి పిలుచుట తగునా అని మనలో కొందరు అడుగవచ్చును. నేనును అడిగితిని. కాని ఆ రొట్టె వారికొక సాకు. చదువు కొరకు వచ్చితినని చెప్పుకొన సిగ్గుపడువాడు రొట్టె కొరకు వచ్చితినని చెప్పుకొనగలడు.

ఫిలిప్పును తలంచుకొనుడి. ఆ ఐతియొపీయుడు రాణిగారి ధనాగారముమీద అధికారి, గొప్పవాడు. తనకు అర్థము కాలేదని అంత సులువుగా ఎట్లొప్పుకొనెను? అది అరణ్యమార్గము, చూచి నవ్వువారు లేరు. ఫిలిప్పు ఎదుట నిలువబడలేదు, రథమెక్కి ప్రక్కన కూర్చుండెను.

ప్రశ్నోత్తరములు కంఠస్థము చేసినను, చదువు రానివాని చేతిలో వేదము మూసిన పుస్తకమే గదా. 1731లో జోన్సు లాన్దౌరోర్‌లో చదువు నేర్పు బడి పెట్ట దలచి, వెల్షు బైబిళ్లు పంపుమని ఎస్.పి.సి.కె. వారికి వ్రాసెను. ఇంగ్లీషు నేర్పవలెనని అనేకుల వాదము. జోన్సు ఒప్పుకొనలేదు. ఇంగ్లీషు నేర్చి, ఆపైన చదువ నేర్చుటకు కూలివానికి ఏండ్లు కావలెను. మాటలాడు భాషలోనైతే మూడు నెలలు చాలును. పెద్దవానికి ఏండ్లు ఎక్కడివి?

కాబట్టి ఉపాధ్యాయుడే ఊరూరికి తిరుగునట్లు ఏర్పాటు చేసెను. ఊరి గురువు పిలిచిన ఊరికి ఉపాధ్యాయుడు పోయి, గుడిలోనో ఎవరి ఇంటిలోనో మూడు నెలలు బడి నడపి, మరియొక ఊరికి పోవును. పొలము పనులు తక్కువగా నుండు చలికాలమే బడికాలము. పగలు రాలేనివారికి రాత్రి బడి. లెక్కలు లేవు, వ్రాత లేదు. చదువుట, ప్రశ్నోత్తరములు, అంతే. చాల బడులలో మూడింట రెండు వంతులు పెద్దవారే. డెబ్బదేండ్లు దాటినవారు కూడ కళ్లద్దములు పెట్టుకొని అక్షరములు దిద్దుకొని, ముందే ఎందుకు నేర్చుకొనలేదని కన్నీరు కార్చిరి.

ఉపాధ్యాయులను ఆయనే లాన్దౌరోర్‌కు పిలిపించి కొన్ని వారములు తర్ఫీదు చేసెను. జీతము ఏటికి మూడు నాలుగు పౌనులు మాత్రమే. వీరు గొప్ప పండితులు కారు. విరోధులు వారిని నేలమట్టు మనుష్యులని ఎగతాళి చేసిరి. జోన్సు వెదకినది పాండిత్యము కాదు. భక్తి, ఓర్పు, పేదవాని ప్రక్కన కూర్చుండగల మనసు వెదకెను.

1746లో 15,000 వెల్షు బైబిళ్లు అచ్చువేయబడుటకు ఆయన పట్టుదలయే ముఖ్య కారణము. 1737లో 37 బడులు, ఇంచుమించు 2,400 మంది. 1761 నాటికి నడచిన బడులు మొత్తము 3,325. పగటి బడులలో పేర్లు వ్రాయించుకొన్నవారు 1,53,835. రాత్రి వచ్చినవారు ఈ లెక్కలో లేరు. అప్పటి వేల్సు జనాభా నాలుగైదు లక్షలే!

ఆయనను దేవదూతగా చూపుట నాకిష్టము లేదు. కఠినుడు, మాటకు మాట చెప్పువాడు. తన అనారోగ్యమును గూర్చి తరచు మొరపెట్టుకొనువాడు. తోటి గురువులతో ఆయనకు పొత్తు కుదరలేదు. అయినను చదువు రాని ముసలివాని యెదుట ఆ కాఠిన్యము కనబడలేదు. అది సహజగుణమో, ప్రయాసపడి నేర్చుకొన్నదో. నేర్చుకొన్నదే అయినయెడల మనవంటివారికి ఆశ యున్నది.

1755లో భార్య మార్గరెట్ మరణించెను. అటు తరువాత, బడులకు మొదటినుండి ధనసహాయము చేయుచున్న బ్రిజెట్ బెవన్ అమ్మగారు లార్న్ పట్టణములోని తన ఇంట ఆయనకు ఆశ్రయమిచ్చెను. అక్కడనే 1761 ఏప్రిలు 8న కన్నుమూసెను. అమ్మగారు మరి 18 సంవత్సరములు బడులు నడిపించి, 1779లో చనిపోవుచు 10,000 పౌనులు వాటికి వ్రాసియిచ్చెను. బంధువులు వ్యాజ్యము వేసిరి. దాదాపు ముప్పది ఏండ్లు ఆ సొమ్ము కోర్టులో చిక్కుకొనెను, బడులు మూతపడెను.

అయితే 1785లో థామస్ చార్లెస్ అను గురువు ఉత్తర వేల్సులో అదే మాదిరి తిరుగుబడులు మొదలుపెట్టెను. అందులో ఒక బడిలో చదువ నేర్చినది మేరీ జోన్సు అను బీదపిల్ల. 1800లో పదునైదేండ్ల వయసున, దాచుకొన్న డబ్బుతో బైబిలు కొనుటకు ఇంచుమించు 25 మైళ్లు నడిచి బాలా పట్టణమునకు పోయిన ఆమెను మన సండేస్కూలు పిల్లలందరు ఎరుగుదురు.