బంగారుతీగ పేగులోకి చూసిన దివానుగారు

జువాలజీ ప్రాక్టికల్స్‌లో చేపను కోయనివాళ్ళు మనలో తక్కువ. మొప్పలు, గుండె, కాలేయం, పేగు అన్నీ విడదీసి, గుండుసూదులు గుచ్చి, చీటీలు అంటించి, రికార్డులో బొమ్మ వేసి సంతకం పెట్టించుకుంటాం. ఆ పేగును చీల్చి, పొద్దున్న ఆ చేప ఏం తిన్నదో చూసినవాళ్ళెందరు? చదువుకునే రోజుల్లో నేనైతే చూడలేదు. దానికి మార్కులు లేవు మరి!

మార్కులతో పనిలేకుండా ఆ పని చేసినవాడు యోసెఫ్ షుస్తా. చేపల పెంపకం వృత్తిగా ఉన్నవాళ్ళకి యూరప్‌లో ఈ పేరు బాగా తెలుసు. మన దగ్గర మాత్రం పాఠ్యపుస్తకాల్లోకి రాలేదు. ఆయన ప్రొఫెసరు కాదు. మన జమీందారీల్లో దివాను ఎలాగో, అలాంటి ఉద్యోగి.

షుస్తా 1835 నవంబరులో బొహీమియాలోని యాంకోవ్‌లో పుట్టాడు. ఇప్పుడది చెక్ దేశం, అప్పుడు ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడి. వ్యవసాయశాస్త్రం చదువుకుని ష్వార్జెన్‌బెర్గ్ అనే గొప్ప ప్రభువంశం వారి కొలువులో చేరి, క్రమంగా దక్షిణ బొహీమియాలోని త్రెబోన్ ఎస్టేటు నిర్వహణ చేపట్టాడు.

త్రెబోన్ సంగతి కొంచెం చెప్పాలి. అది చెరువుల సీమ. 1506-1520 మధ్య అక్కడ బంగారుకాలువ అనే పేరుతో నలభై కిలోమీటర్లకు పైబడిన కాలువ తవ్వి, చెరువులన్నిటికీ నీళ్ళందించారు. 1584లో మొదలుపెట్టి 1590 నాటికి యాకుబ్ కర్చీన్ అనే ఘనుడు రోజ్మ్‌బెర్క్ చెరువు కట్టించాడు. దాని విస్తీర్ణం ఇవాళ్టికీ వెయ్యి ఎకరాలు దాటుతుంది. కాకతీయుల రామప్ప, పాకాల చెరువుల్ని ఎరిగిన మనకి చెరువు కట్టడమంటే ఆశ్చర్యం లేకపోవచ్చు. అయితే మనవాళ్ళు వరి కోసం కట్టారు, వాళ్ళు చేప కోసం కట్టారు. పెంచింది ముఖ్యంగా కార్పు చేపని, అంటే మన బంగారుతీగనే. ఇది మన దేశపు చేప కాదు. ఒక రకం 1939లో సింహళం నుంచి నీలగిరులకూ, ఇంకొక రకం 1957లో బాంకాక్ నుంచి కటక్‌కూ వచ్చాయి. అక్కణ్ణించి మన చెరువుల్లోకి పాకింది.

ముప్పయ్యేళ్ళ యుద్ధంతో ఆ చెరువుల వైభవం దెబ్బతిన్నది. తర్వాత ధాన్యం, బీట్‌రూట్ పంచదార లాభసాటి కావడంతో బొహీమియాలో ఎన్నో చెరువులు ఎండగట్టి దున్నేశారు. మిగిలినవాటిలో పూడిక, తుంగ పెరిగిపోయాయి. షుస్తా చేతికి వచ్చేసరికి త్రెబోన్ చెరువుల పరిస్థితి ఇదీ. చేప మార్కెట్టుకి రావాలంటే ఏళ్ళూపూళ్ళూ పట్టేది. దిగుబడి చూస్తే పొలం చేసుకోవడమే మేలనిపించేది. ఆయన తలుచుకుంటే చెరువులు పూడ్పించి చక్కని లెక్కలు చూపించగలిగేవాడే. అట్లా చేయలేదు. చేప ఎందుకు ఎదగడంలేదో తెలియాలంటే ముందు అది ఏం తింటున్నదో తెలియాలి గదా అనుకున్నాడు.

ఇంత చిన్న ప్రశ్న అంతకుముందు ఎవరికీ రాలేదా అంటే, జవాబు అందరికీ తెలుసనే అనుకునేవారు. బంగారుతీగ బురదా నాచూ తిని బతుకుతుందని తరతరాల నమ్మకం. చెరువుల పెంపకం మీద దుబ్రావియస్ అనే బిషప్ లాటిన్‌లో గ్రంథం ప్రచురించింది 1547లో. అంత పాత విద్యలో ఇంత మూలమైన సంగతి తేలకుండా ఉండిపోయింది! మన రైతుల్లోనూ ఇదే మాట వింటాం. కళ్ళకి కనపడేదీ అదే: చేప మూతి చాపి అడుగుమట్టిని పీల్చుకుంటుంది, నీళ్ళు కలకబారతాయి. కాని కాస్త ఓపికగా చూస్తే, ఆ మట్టిలో చాలాభాగం తిరిగి ఉమ్మేస్తుంది. నోట్లోనే జల్లెడ పట్టినట్టు ఏరుకుని, కావలసింది మింగి మిగతాది వదిలేస్తుందన్నమాట.

ఆ కావలసింది ఏమిటో షుస్తా చేపల్ని కోయించి, పేగులోని పదార్థాన్ని పరీక్షించి తేల్చాడు. ఇక్కడో చమత్కారం ఉంది. బంగారుతీగకి నిజానికి జీర్ణాశయం లేదు. గొంతులో పళ్ళుంటాయి, అవి దాటితే నేరుగా పేగే. అంచేత తిన్నదేదో గుర్తుపట్టాలంటే పేగు మొదటిభాగం చూడాలి. వెనక్కి పోయినకొద్దీ అంతా గుజ్జే. ఆ పేగుల్లో కనిపించినవి నీటి ఈగలవంటి చిన్న చిన్న క్రస్టేషియన్లు, దోమజాతి పురుగుల పిల్లలు, ఇంకా అటువంటి జలకీటకాలు. మట్టి, ఆకు అలములు ఉన్నా అవి వెంట వచ్చినవీ, ఆకలికి గతిలేక తిన్నవీను. శాకాహారిగా పేరుపడ్డ చేప మాంసాహారం మీద ఎదుగుతోందని తేలింది. ఈ పరిశీలనల్ని 1884లో చెక్ భాషలో పుస్తకంగా వేశాడు. 1888లో జర్మన్‌లో వచ్చింది. చేపల పోషణ అనే శాస్త్రానికి తొలిమెట్లలో ఒకటిగా ఈ పుస్తకాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ తర్వాతి పనంతా దీనిమీదనే ఆధారపడింది. చేపకి కావలసింది పురుగు అయితే, పురుగుకి కావలసింది సారవంతమైన నీరు. అందుకని చెరువుల్ని ఎండగట్టించాడు, సున్నం చల్లించాడు, ఎరువు వేయించాడు, తుంగ కోయించాడు. పిల్లల్ని, ఎదిగే చేపల్ని వేరువేరు చెరువుల్లో ఉంచి దశలవారీగా మార్చాడు. ఒక్కో చెరువు ఎంత తిండి పుట్టించగలదో అంచనాకట్టి, దానికి తగ్గట్టు ఎన్ని పిల్లలు వేయాలో లెక్కించేవాడు. పలచగా వేస్తే తిండి వృథా, కిక్కిరిస్తే చేపలన్నీ గిడసబారతాయి. ఆయన హయాంలో త్రెబోన్ దిగుబడి కొన్ని రెట్లు పెరిగింది, పెంపకం గడువు ఏళ్ళలో తగ్గింది.

బయటినుంచి మేత వేయడం కూడా మధ్య యూరప్‌లో ఈ కాలంలోనే ఊపందుకుంది. లూపిన్ అనే పప్పుజాతి గింజలు, మొక్కజొన్న వంటివి వేసేవారు. ఇక్కడే షుస్తా చూపిన సంగతి మనకి పనికివస్తుంది. ఎదిగే బంగారుతీగ మేతలో మాంసకృత్తులు రమారమి నూటికి 30 నుంచి 38 వంతులు ఉండాలని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. నీటి ఈగని ఎండబెట్టి తూస్తే ఇంచుమించు సగం మాంసకృత్తే. మొక్కజొన్న వంటి ధాన్యాల్లోనూ తవుడులోనూ ఉండేది పది, పదిహేను వంతులు. నీళ్ళలో పురుగు పుష్కలంగా ఉన్నప్పుడు గింజ వేస్తే, చేప గింజని శక్తికి ఖర్చుచేసుకుని, పురుగులోని మాంసకృత్తుతో కండ పెంచుకుంటుంది. అదే పురుగు లేని చెరువులో గింజ ఎంత పోసినా పొట్టలో కొవ్వు పేరుకుంటుంది గాని కండ పెరగదు. పైగా తినగా మిగిలింది కుళ్ళి, నీళ్ళలో ఆక్సిజన్ లాగేస్తుంది. ఇంకొకటి, బంగారుతీగ ఆకలి నీటి వేడిమినిబట్టి ఉంటుంది. బొహీమియా చలికాలంలో దాదాపు తినడమే మానేస్తుంది. అప్పుడు వేసిన మేత చెరువుకే నైవేద్యం.

కొల్లేరు చుట్టుపక్కల చెరువులు చూసినవాళ్ళకి ఇదేమీ దూరదేశపు కథగా తోచదు. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు, చెక్క నింపి కర్రలకి వేలాడదీయడం మనవాళ్ళు కనిపెట్టిన తెలివైన పద్ధతి. మేత వృథా తగ్గింది. కాని మా మేనమామ ఒక ఏడాది తవుడు సంచుల మీదే భారం వేసి, పేడ ఎరువు దండగ అని మానేశాడు. పట్టుబడికి చేపలు చూస్తే పొట్టలు లావు, వీపులు పలచన. అప్పులో సగమే తీరింది. పిల్ల మంచిది కాదని విత్తనం ఇచ్చినవాణ్ణి ఏడాదిపాటు తిట్టాడు.

షుస్తా 1898లో త్రెబోన్ చెరువుల అయిదు వందల ఏళ్ళ చరిత్రను జర్మన్‌లో రాశాడు. దివానుగిరీ చేస్తూ పాత దస్తావేజులు తిరగేసే తీరిక ఎలా దొరికిందో! చరిత్ర రక్తంలోనే ఉందేమో, అదే పేరుగల ఆయన కొడుకు చెక్ చరిత్రకారుల్లో పెద్దపేరు తెచ్చుకుని, కొత్త చెకోస్లొవేకియా దేశానికి కొంతకాలం విద్యామంత్రిగా పనిచేశాడు. గ్రంథాలయాల్లో తండ్రి పుస్తకం కోసం వెతికితే కొడుకు పుస్తకాలు చేతికి రావడం కద్దు. తండ్రి మాత్రం త్రెబోన్‌లోనే ఉండిపోయాడు. మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లో, నవంబరు నెలలో, అక్కడే కన్నుమూశాడు. ఆ చెరువుల్లో ఇప్పటికీ శరదృతువులో నీళ్ళు దించి చేపలు పడతారు. చెక్‌ల క్రిస్మస్ విందులో ఆ చేపే ప్రధానం. త్రెబోన్ కార్పు అన్న పేరుకి 2007లో యూరోపియన్ యూనియన్ రక్షణ కూడా ఇచ్చింది.

షుస్తాను గురించి చదివాక ఒక సెలవుల్లో మైక్రోస్కోపు అరువు తెచ్చుకుని మామయ్య చెరువు గట్టున కూర్చున్నాను. పట్టిన బంగారుతీగల్లో మూడింటి పేగులు చీల్చాను. రెండింటిలో ఒట్టి తవుడు. మూడోదానిలో తవుడుతోపాటు నీటి ఈగల పెంకులు కొన్ని. గుడ్డ వలతో చెరువు నీళ్ళు వడకట్టి, బతికున్న నీటి ఈగ ఒకటి స్లైడు మీద పెట్టి మామయ్యని చూడమన్నాను. చాలాసేపు కన్నార్పకుండా చూశాడు. చూసి, ఇది బజార్లో కిలో ఎంతకి దొరుకుతుందిరా అని అడిగాడు.