సైకిలు దారిలో మన్రో దొర

ఈ సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసివ్వమని సంపాదకులు అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. ఇలాంటి వ్యాసాలలో పుట్టుక, చదువు, ఉద్యోగం, మరణం, చివర రెండు దండలు తప్ప ఏముంటాయిలే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే నాకొక దొర జీవితం గుర్తుకొచ్చింది. దాన్ని నేను గ్రంథాలయంలో కొంత, సైకిలు మీద కొంత చదివాను. ఆ రెండూ కలిపి రాస్తున్నాను. విసుగనిపిస్తే పేజీ తిప్పేయండి.

మాది వల్లూరు. కడప నుంచి కమలాపురం పోయేటప్పుడు తగులుతుంది. ఇప్పుడు మామూలు ఊరేగానీ పదమూడో శతాబ్దంలో కాయస్థ ప్రభువులకు రాజధాని. అంబదేవుడు ఏలిన చోటు. హాస్టల్లో ఉన్నప్పుడు ఒకరోజు నేనూ నా మిత్రుడూ ఒక పత్రికలో ఇటలీ బొమ్మలు చూస్తూ కూర్చున్నాం. టస్కనీ గుట్టల మధ్య మెలికలు తిరిగిన రోడ్డు, గుట్ట నెత్తిన పాత కోట ఊరు, రోడ్డు మీద బారులు తీరిన సైకిళ్ళు. ఆ దేశంలో 1909లో మొదలైన సైకిలు పందెం గురించి కింద రాసి ఉంది. మనకు మాత్రం గుట్టలు లేవా, కోటలు లేవా అని మావాడు పౌరుషపడ్డాడు. దసరా సెలవుల్లో బయలుదేరాం. వల్లూరు, కమలాపురం, యర్రగుంట్ల, వేంపల్లె, గండి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు, గండికోట, ప్రొద్దుటూరు, తిరిగి వల్లూరు. మూడు రోజుల దారి. సైకిళ్ళు రెండూ అద్దెవే. ఒకదానికి బెల్లు లేదు, ఇంకోదానికి బ్రేకు ఉండీ లేనట్టే.

గండికి పోతున్నామని చెప్పగానే మా జేజి కంగారుపడింది. పాపఘ్ని నది పాలకొండలను చీల్చుకుని బయటికొచ్చే ఆ సందులో, రెండు కొండల నడుమ, ఒక బంగారు తోరణం ఉందని మా వైపు నమ్మకం. రాములవారి రాక కోసం వాయుదేవుడు కట్టించాడంటారు. అది పుణ్యాత్ములకే కనబడుతుందట, కనబడినవాళ్ళు ఎక్కువకాలం బతకరట. మన్రోలప్పకు కనబడింది, ఆ తర్వాత కొద్దికాలానికే పోయాడు, మీకు మాత్రం కనబడగూడదు నాయనా అని మా జేజి ఆంజనేయస్వామికి అక్కడినుంచే దండం పెట్టింది.

ఈ మన్రోలప్పే సర్ థామస్ మన్రో. 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రి వర్జీనియా పొగాకు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చేసరికి ఆ వ్యాపారం కూలిపోయింది. కుర్రవాడు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివాడు. చిన్నప్పుడు తట్టు పోసి వినికిడి కొంత మందగించింది. సెర్వాంటిస్ రాసిన డాన్ కిహోటేను మూలంలోనే చదవాలని పట్టుబట్టి సొంతంగా స్పానిష్ నేర్చుకున్నాడు. (మనం సిలబసులో ఉన్నదే చదవం.) ఇల్లు గడవక 1780లో కంపెనీ పటాలంలో కేడెట్‌గా మద్రాసులో దిగాడు. దిగీదిగగానే నమ్మకంగా చేరిన నౌకరు బట్టలూ డబ్బూ ఎత్తుకుపోయాడు. దొర గొప్పదొర కావడానికి ముందు చొక్కాలకు తడుముకున్నాడన్నమాట.

హైదరాలీతోనూ టిప్పుతోనూ జరిగిన యుద్ధాలు, 1792 నుంచి ఏడేళ్ళు బారామహల్‌లో కెప్టెన్ రీడ్ కింద శిస్తుల పని, ఆపైన కెనరా. ఇదంతా తొందరగా దాటేస్తాను, ఎందుకంటే మన కథ 1800లో మొదలవుతుంది. తన రక్షణకు ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం ఆ ఏడు మన ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చేశాడు. అందుకే దత్తమండలాలన్నారు. రాయలసీమ అన్న పేరు 1928లోగాని పుట్టలేదు. కడప, బళ్ళారి, అనంతపురం సీమలన్నిటికీ కలిపి మొదటి కలెక్టరు మన్రో. నలుగురు సహాయకులు. కచ్చేరీ అంటే డేరా, డేరా అంటే ఇల్లు. ఏళ్ళ తరబడి గుర్రం మీద ఊరూరా తిరిగాడు.

తిరగడమంటే ఏమిటో నాకు వీరపునాయునిపల్లె దాటాక తెలిసింది. బస్సులో పోతే అదంతా ఒకటే బయలు. సైకిలు తొక్కితే నల్లరేగడి ఎక్కడ అయిపోయిందో, ఎర్రనేల ఎక్కడ మొదలైందో తొడలే చెబుతాయి. బావి ఉన్న చేనికీ వాన కోసం ఎదురుచూసే చేనికీ ఉన్న తేడా నీళ్ళసీసా ఖాళీ అయినప్పుడు అర్థమవుతుంది. మన్రో అలా తిరిగే రైతు ఒక్కొక్కరితోనూ విడిగా మాట్లాడి లెక్క కట్టాడు. 1802 నుంచి 1806 దాకా పొలాలను గొలుసు పట్టి కొలిపించాడు. నడుమ జమీందారు లేకుండా రైతు పేర పట్టా, రైతు పేర శిస్తు. రైత్వారీ అని మనం చరిత్ర పరీక్షలో అయిదు మార్కులకు రాసేది ఇదే. ఇప్పటికీ మా ఇంటి పెట్టెలో ఉన్న పాత పట్టా కాగితం ఆ గొలుసుకు మనవడే.

వేంపల్లెలో టీ తాగుతూ నేను ఇవన్నీ చెబుతుంటే మావాడు ఊరుకోలేదు. ఆయన చేసిందంతా కంపెనీ బొక్కసం కోసమేగదా అన్నాడు. అదీ నిజమే. ఏడేళ్ళలో ఈ సీమ రాబడి రమారమి సగం పెరిగింది. అది వానలు ఎక్కువై పెరిగింది కాదు. మరి పాళెగాళ్ళ సంగతో అన్నాడు. ఆ రోజుల్లో ఎనభై మంది పాళెగాళ్ళుండేవారు. సైన్యాన్ని వెనక పెట్టుకుని మన్రో వాళ్ళ కోటలు పడగొట్టించాడు, బంట్లను తీసేయించాడు, లొంగినవాళ్ళకు భరణాలిచ్చాడు. మేము దాటబోయే వేముల పాళెగాడూ ఆ వరుసలోనివాడే. ఇంత కఠినం తగదని కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. ఆ భరణాల తగాదా దగ్గరే తర్వాత ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబమెక్కాడు. తోరణం కనబడితే ఆయనకు కనబడాలి, ఈయనకెందుకు కనబడిందని మావాడి ప్రశ్న. పాళెగాళ్ళు ఊళ్ళ మీద పడి దోచిన రోజులు కూడా గుర్తుపెట్టుకోమన్నాను గానీ, నా గొంతులో బలం చాలలేదు.

అయితే నన్ను పట్టి ఉంచింది ఒక్క విషయం. తను వేసిన శిస్తు ఎక్కువైందని మన్రోనే గ్రహించాడు. 1807లో సీమ వదిలి పోయేముందు, నూటికి పాతిక వంతులు తగ్గించాలనీ, తోట భూములకు మరో ఎనిమిది తగ్గించాలనీ పై వాళ్ళకు రాశాడు. పై వాళ్ళకు డబ్బు అవసరం. వినలేదు. రైత్వారీనే తీసేసి ఊళ్ళను గుత్తలకిచ్చారు, మొదట మూడేళ్ళకు, తర్వాత పదేళ్ళకు. గుత్తదారులు చాలామంది దివాలా తీశారు, వాళ్ళతోపాటు రైతులూ చితికిపోయారు. ఈలోపల మన్రో ఇంగ్లండులో పార్లమెంటుకు సాక్ష్యమిచ్చాడు. 1814లో జేన్ క్యాంబెల్‌ను పెళ్ళాడి, న్యాయవిచారణ పద్ధతులు దిద్దే పని మీద మద్రాసు తిరిగొచ్చాడు. మరాఠా యుద్ధంలో సేనాని అయ్యాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. అప్పుడుగాని రైత్వారీ మళ్ళీ రాలేదు, ఆ పాతిక వంతులు తగ్గలేదు. పదమూడేళ్ళు! ఒక్కసారి రాసి ఫైలు కట్టేసే అధికారులు ఎంతమందో మీకు తెలుసు.

ఇంకో మాట మన కాలేజీవాళ్ళకు. 1822లో రాజధానిలోని వీధిబడులెన్ని, పిల్లలెందరు, ఏ కులాలవాళ్ళు అని కలెక్టర్లందరి చేతా లెక్కలు తీయించాడు. 1826లో జిల్లాకూ తాలూకాకూ బడులుండాలని ప్రణాళిక వేశాడు. ఈ దేశస్థులకు పెద్ద ఉద్యోగాలివ్వాలనీ, పాలన వాళ్ళ చేతికే పోయే రోజు రావాలనీ 1824లోనే కాగితం మీద పెట్టాడు. ఆ రోజుకు మాత్రం తొందరపడలేదు.

1827లో పదవి వదిలి ఇంటికి పోవాల్సినవాడు. భార్య జబ్బుపడ్డ కొడుకును తీసుకుని ముందే ఓడెక్కింది. కొత్త గవర్నరు రాక ఆలస్యమైంది. ఊరికే కూర్చోలేక పాత సీమను చివరిసారి చూసివస్తానని బయలుదేరాడు. గుత్తి దగ్గర దండులో కలరా పొడచూపింది. జూలై 6న పత్తికొండలో పొద్దున జబ్బు చేసి రాత్రికి పోయాడు. గుత్తిలో పాతిపెట్టారు, 1831లో మద్రాసు సెయింట్ మేరీ చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన పేర తోటా మెట్లబావీ వెలిశాయి. మద్రాసులో గుర్రం మీద విగ్రహం. ఆ గుర్రానికి రికాబులు లేవని చూసినవాళ్ళంతా చెప్పుకుంటారు. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. దానికి ప్రభుత్వ ఉత్తర్వేమీ లేదు.

గండి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఏట్లో నీళ్ళు చీలమండ దాకా. ఇద్దరం సైకిళ్ళు ఇసుకలో పడేసి, రెండు కొండల నడుమ ఆకాశం వైపు చాలాసేపు చూశాం. మావాడూ చూశాడు, ఎగతాళి చేస్తూనే. గద్ద ఒకటి తిరుగుతోంది. ఎండ కొండ అంచున కాసేపు పసుపుగా నిలిచి పోయింది. గుడి మూసేలోపల దర్శనం చేసుకుని, ఆ రాత్రి సత్రం అరుగు మీద పడుకున్నాం. మరునాడు పులివెందుల ఎగువలో నా బ్రేకు పూర్తిగా పోయింది. గండికోట గురించి ఇక్కడ రాయను. 1652లో టవెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు వజ్రాలూ ముత్యాలూ పట్టుకుని అక్కడికొచ్చిన కథకు వేరే వ్యాసం కావాలి.

మూడోనాటి సాయంత్రం ఇంటికి చేరితే జేజి గడపలోనే కూర్చుని ఉంది. కాళ్ళు కడుక్కోకముందే అడిగింది. ఏమీ కనబడలేదు జేజీ అన్నాను. నా మొహం, మావాడి మొహం మార్చిమార్చి చూసి, నిమ్మళంగా లోపలికి పోయి సంగటి పెట్టింది.