పావులూరి మల్లన – చదరంగపు లెక్క

భద్రాచలము చెంత అడవుల నొరసికొని పారు గోదావరి, సముద్రమును చేరుటకు ముందు రాజమహేంద్రవరమును తాకిపోవును. 11వ శతాబ్దమున అచ్చట వేంగీ చాళుక్య ప్రభువైన రాజరాజనరేంద్రుడు రాజ్యమేలెను. నన్నయభట్టుచే మహాభారతమును తెనిగింప నారంభింపజేసినవాడు ఆతడే. పిఠాపుర ప్రాంతమునందలి నవఖండవాడను పావులూరివారి వంశమునకు అగ్రహారముగా నిచ్చినవాడును ఆతడే. ఆ వంశమునకు వన్నె తెచ్చినవాడు మల్లన. తెలుగున తొలి గణితకవిగా పండితులు ఆతనిని పరిగణింతురు.

9వ శతాబ్దమున, రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడను జైన పండితుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చి, మూలమునందలి జైన విషయములకు బదులు శైవపరమైన ఉదాహరణములను చేర్చెను. సంస్కృతము నేర్వనివానికిని శాస్త్రగణితము ఇట్లు అందివచ్చెను.

ఆతని పద్యములలో మిక్కిలి ప్రసిద్ధమైనది చదరంగపు లెక్క. మొదటి గడిలో 1, రెండవ గడిలో 2, మూడవ గడిలో 4, ఇట్లు 64 గళ్లును రెట్టించుచు పోయిన మొత్తమెంత? 1,84,46,74,40,73,70,95,51,615. ఈ 20 అంకెలను మల్లన ఒక్క పద్యమున ఇమిడ్చెను. చంద్రుడనిన 1, వేదములనిన 4, బాణములనిన 5, ఏనుగులనిన 8, ఆకాశమనిన సున్న. ఒకట్ల స్థానమునుండి ఎడమకు వ్రాసికొనుచు పోవలెను. ఛందస్సే కాపలా కాయుటచే అంకె యొక్కటియు జారిపోదు.

ఈ సంఖ్య గుణములు విచిత్రములు. ప్రతి గడిలోని సంఖ్యయు అంతకుముందలి గళ్లన్నింటి మొత్తముకంటె 1 ఎక్కువ. 1, 2, 4 కలిసిన 7. తరువాతి గడిలో 8. కావున 64 సంఖ్యలను కూడ నక్కరలేదు. 65వ గడికి రావలసిన సంఖ్యనుండి 1 తీసివేసిన చాలును. 2ను తనతో తానే గుణించి, వచ్చినదానిని మరల అట్లే గుణించుచు 6 మార్లు చేసిన ఆ 65వ గడి సంఖ్య లభించును. చివరి అంకె 5 గనుక మొత్తము 5చే భాగింపబడును. అంకెల కూడిక 87 గనుక 3చేతను భాగింపబడును. దీని ప్రధాన భాజకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. వీనిలో 641 ఉనికిని 1732లో ఆయిలరు అను ఐరోపా గణితజ్ఞుడు బయటపెట్టెను. నేటి 64 బిట్ల కంప్యూటరు ఒక్క పదమున నిలుపగల మిక్కిలి పెద్ద పూర్ణసంఖ్యయు ఇదియే.

కిలోకు 40,000 వడ్లగింజలు తూగుననుకొన్న, ఇన్ని గింజలు సుమారు 46,000 కోట్ల టన్నులగును. ఏ రాజు గాదెయు దీనికి చాలదు.

ఇది వినోదము మాత్రమే కాదు. తునికాకును 50 ఆకుల కట్టలుగా కట్టి అప్పగించు అడవిపల్లె కూలికి, కల్లమునకు ముందే ధాన్యమప్పు తెచ్చుకొను రైతునకు, లెక్కయే రక్ష. ఒక్క పుట్టి అప్పు పది మార్లు రెట్టింపైన 1,024 పుట్లగును. మొదటి గళ్లలో ఆ వృద్ధి కంటికి ఆనదు. కనబడునప్పటికి తీర్చుట కలలోని మాట. రెట్టింపు బలమెట్టిదో తెలుగువానికి తెలుగుననే తెలిపిన మల్లన, వేయేండ్లకు సమీపించుచున్నను, మన పల్లె పఠనమందిరములలో తలచుకొనదగినవాడు.